మోచేయి

మిర్చియార్డుకి ఎండాకాలం సెలవులిచ్చిన రెండో సోమవారం
అరండల్‌పేటలో మార్నింగ్ షోకి తీసుకెళ్లాను
మా అమ్మని, అమ్మతో షెడ్డులో ముచ్చికలు తీసే
బూబమ్మని, దీనమ్మని.
బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పిన డబ్బులు.
ఉల్కాసేనలో ఇది పద్నాలుగోది.
సరిగ్గా చెప్పాలంటే పద్నాలుగోది కూడా కాదు,
పక్కన లేచిన పిలక.

"ముందువి చూడకపోతే అర్థమవుద్దా?" అంది అమ్మ ఆటోలో.
మొదలుపెట్టాను.
ఉల్కావీరుడు ఎక్కడ పడ్డాడు, ఎవరు పెంచారు,
అన్న ఎందుకు పగవాడయ్యాడు.
శంకర్‌విలాస్ సెంటర్ వచ్చేసరికి
ఇంకా మూడో భాగంలోనే ఉన్నాను.
"సర్లే, మన మేస్త్రి ఇంటి గొడవలాగే ఉంది.
దిగు."

ఈ సినిమా ఎవరిదో ఆమె
ఎనిమిదో భాగంలో నాలుగంటే నాలుగు నిమిషాలు కనబడింది.
తెగిపోతున్న ఇనప వంతెనని ఒట్టి చేతుల్తో అతికించి
ఉల్కావీరుడికి దారిచ్చి
పొగలో కలిసిపోయింది.
అతను వెనక్కి చూడలేదు. హాలు చూసింది, ఈలలేసింది.
ఆ ఈలలు ఎవరో లెక్కపెట్టుకున్నట్టున్నారు,
ఆరేళ్లకి ఆమెకంటూ ఒక బొమ్మ.
డబ్బింగులో ఆమె పేరు అగ్నిహస్త.
మా అమ్మకి మాత్రం మంటచేతుల పిల్ల.

తెరమీద ఆ చేతులు మొదటిసారి అంటుకున్నాయి.
ఎరుపు, ఆపైన తెలుపు,
సీట్లు అదిరే డప్పులు.
నా ఒళ్లు జలదరించింది.
"తేజ రకం," అంది దీనమ్మ చీకట్లో.
"మజ్జిగలో పెట్టమను."
"మజ్జిగకేం తగ్గుద్ది, ఆముదం రాయాలి," అంది బూబమ్మ.
వెనక వరసలో ఎవరో ష్ అన్నారు.

ఆమెకో కూతురు, మూడేళ్లది.
అద్దానికి అటు పాప, ఇటు తల్లి,
తల్లి చేతులకి ఇనప తొడుగులు.
పాప ఏడుస్తుంది. తల్లి చెయ్యెత్తుతుంది, దించుతుంది.
ఎత్తుతుంది.
దించుతుంది.
బాగా సాగదీశాడు డైరెక్టరు,
నా ముక్కు కారేదాకా.

అమ్మ ముందుకి వంగింది.
"మోచేత్తో తుడవొచ్చుగా," అంది,
తెరకి వినబడాలన్నట్టు.
"మంట చేతులకేగా."

ఆ తర్వాత సినిమా నాకు సగమే కనబడింది.
నా చిన్నప్పుడు, కాయ దిగే రోజుల్లో,
ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా
నా మొహం మీద తిరిగింది అమ్మ మోచేయే.
చీమిడి, కన్నీళ్లు, పెరుగన్నం మెతుకులు,
గరుగ్గా, కొంచెం పక్కకి తప్పుతూ.
జడ పక్కింటి నాంచారమ్మ వేసేది.
రాత్రి చాపమీద రెండు చేతుల్నీ
తడిగుడ్డలో చుట్టి తలకవతల పెట్టుకునేది అమ్మ,
ఎవరివో దాచమని ఇచ్చిపోయినట్టు.
అందరమ్మలూ అలాగే తుడుస్తారనుకుని
ఒకటో క్లాసులో కిందపడి ఏడుస్తున్న పిల్లకి
నేనూ మోచేయే పెట్టాను.
టీచరు నవ్వింది. ఎందుకో అప్పుడు తెలీలేదు.

ఈలోపు తెరమీద ఒక ఊరు కాలింది.
ఆకాశానికి చిల్లు పడింది, కుట్టారు.
పేర్లు పడుతుంటే అమ్మ చెప్పులు వెతుక్కుంది.
"కూర్చో, చివర్లో ఇంకోటుంటది," అన్నాను.
పేర్లు పోతూనే ఉన్నాయి,
మంటకి వందమంది, పొగకి నలభైమంది.
"ఇంతమంది కూలీలా," అంది బూబమ్మ. "కిలోకెంతో?"

ఆఖర్న వచ్చాడు ఉల్కావీరుడు.
కాలిన గుమ్మంలో నిలబడ్డాడు, అంగీకి మసైనా అంటలేదు.
"నీ సాయం కావాలి."
ఈల వేయబోయాను, పదమూడు భాగాల అలవాటు.
"ఇందాకటిదాకా ఎక్కడ సచ్చాడంట?" అంది అమ్మ.
లైట్లు వేశారు.

బయట నిమ్మసోడా బండి దగ్గర
రెండో సగమంతా నిద్రపోయిన దీనమ్మ అడిగింది:
"పిల్లనెత్తుకుందా మరి?"
"లేదు. తర్వాత భాగంలో అంట."
"ఎప్పుడొస్తదది?" అంది అమ్మ.
"రెండేళ్లకి."
గ్లాసు కడిగిన నీళ్లు కాలవలో పారబోస్తున్నాడు బండబ్బాయి.
అమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది.
"అప్పటికి దానికి ఐదొస్తాయి," అంది.
"ఈలోపు జడెవరేస్తారో."